శరీరశ్రమవలని అలసటకు మొక్కల ఫ్లేవనాయిడ్లు: ఒక విమర్శ

ఉల్లి, నిమ్మ, మునగాకు, తేయాకు మున్నగువానియందుండు ఫ్లేవనాయిడ్లు శరీరశ్రమవలని అలసటను పోగొట్టునని చెప్పు వ్యాసములు ఇటీవల విరివిగా వెలువడుచున్నవి. గుడియాత్తములో మగ్గము నేయువానిని, బీడీలు చుట్టు స్త్రీని ఎదుట నిలుపుకొని ఈ వాదమును పరీక్షింపవలసియున్నది.

ఈ పదార్థములు తెలుగునాటికి క్రొత్తవి కావు. 1930, 1940 దశకములలో ఆంధ్ర విశ్వవిద్యాలయమందు ఆచార్య టి. ఆర్. శేషాద్రిగారు శిష్యులతో కూడి ప్రత్తిపూవు, గోంగూరపూవుల వర్ణద్రవ్యములను విడదీసి పరిశోధించిరి. అది రసాయన నిర్ణయమే కాని ఔషధ నిర్ణయము కాదు. ఔషధమను ఆశ 1936లో హంగరీలో పుట్టినది. సెంట్ జార్జి పండితుడు నిమ్మజాతి ఫలములలోని ఈ ద్రవ్యములకు ‘విటమిన్ పి’ అని పేరిడెను. అవి లోపించుటచే కలుగు వ్యాధి యేదియు స్థిరపడనందున 1950 ప్రాంతమున ఆ పేరు విడువబడినది. ఆశ మాత్రము మిగిలినది.

ఆ ఆశకు నేటి ముఖ్యాధారము చిట్టెలుకల ఈత. తోకకు బరువు కట్టి నీట విడిచిన ఎలుక ఎంతసేపటికి మునుగునో లెక్కింతురు. మొక్కసారము త్రాగినది మరికొంతసేపు ఈదినచో అలసట తగ్గినదందురు. ప్రాణభయముతో ఈదు ఎలుకకును, ఏండ్లతరబడి మగ్గముకడ కూర్చుండువానికిని పోలిక యెక్కడ? మనుష్యులపై జరిగిన పరీక్షల ఫలము వేరు. క్వెర్సెటిన్ అను ఫ్లేవనాయిడుపై జరిగిన 11 పరీక్షలను 2011లో కలిపి చూడగా, ఓర్పునందు కనబడిన లాభము సుమారు 3 శాతము. సాధారణపు మోతాదు దినమునకు 1000 మిల్లీగ్రాములు. నూరు గ్రాముల ఉల్లిలో 20 మొదలు 40 మిల్లీగ్రాములున్నదనుకొన్నను, దినమునకు రెండున్నర మొదలు అయిదు కిలోల ఉల్లి తినవలెను! రాయవేలూరు అంగడిలో ఉల్లి ఎంత చౌకైనను ఇది అయ్యెడి పని కాదు.

అసలు అలసట యనగా నేమి? భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు 1927లో ఫిస్కేతో కూడి కండరమునందలి ఫాస్ఫోక్రియాటిన్‌ను లోకమునకు తెలిపిరి. తీవ్రశ్రమలో క్షణములలో వ్యయమై, విశ్రాంతిలో మరల నిండు శక్తినిధి యది. పరుగుపందెగాని అలసట కొంతవరకట్టిది. నిద్ర లేచునప్పుడే అలసియున్న స్త్రీ సంగతి వేరు. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము తమిళనాట 15–49 ఏండ్ల స్త్రీలలో సగముకంటె ఎక్కువమందికి రక్తహీనత గలదు. హీమోగ్లోబిన్ తక్కువైనచో కండరమునకు ప్రాణవాయువు చాలదు.

ఫ్లేవనాయిడ్ వాదము హాని చేయగలిగినది ఇచటనే. తేయాకులోని ఈ జాతి ద్రవ్యములే ఆహారమందలి ఇనుమును బంధించి ప్రేగులకు అందనీయవు. దక్షిణాఫ్రికాలో జరిగి 1975లో ప్రకటితమైన పరీక్షలలో, అన్నముతోపాటు టీ త్రాగినప్పుడు ఇనుము ఒంటబట్టుట మిక్కిలి తగ్గినది. భోజనముకాగానే చిక్కని టీ త్రాగినవారికి తక్షణము కలుగు హుషారు కెఫీనువలననే. ఇనుము నష్టము వెంటనే తెలియదు. మునగాకు కూరపై నిమ్మరసము పిండుకొనువారికి ఇనుము కొంత హెచ్చుగా దక్కును. ఆ యశస్సును ఫ్లేవనాయిడులకు కట్టబెట్టుట న్యాయము కాదు. అది ‘సి’ విటమినుకు చెందవలెను.

కావున ఈ ప్రాంతమున పరిశోధన చేయదలచినవారు సారములతో మొదలిడరాదు. 1900లో ఐడా స్కడ్డర్ ఆరంభించిన వైద్యాలయము వేలూరున మహాసంస్థగా పెరిగినది. గుడియాత్తము అచటికి సుమారు 30 కిలోమీటర్లే. ముందు పనివారి హీమోగ్లోబిన్ కొలిచి, కొరత గలవారికి ఇనుమిచ్చి, రక్తము నిండిన పిదపకూడ ఎవరికి అలసట మిగిలినదో చూచి, వారిలో సగముమందికి ఫ్లేవనాయిడును, తక్కినవారికి వట్టి మాత్రను ఈయవలెను.