కాయిల్‌ను తినే నీళ్లు

కార్తీకం వచ్చి నల్లమల మీది గాలి చల్లబడితే మార్కాపురం, కంభం, గిద్దలూరు బజార్లలో కరెంటు సామాన్లు బాగుచేసే కొట్లకు గిరాకీ మొదలవుతుంది. ఎండాకాలమంతా అటక మీద పడున్న రాడ్ హీటర్లు, గోడకు ఊరికే వేలాడిన గీజర్లు, టీ కొట్ల కరెంటు బాయిలర్లు అప్పుడే మొరాయిస్తాయి. తెచ్చినవాళ్లు చెప్పేది ఒకటే: "కాయిల్ పోయిందన్నా, మార్చెయ్." అడిగిన వెంటనే మార్చేసి పంపేవాళ్లూ ఉన్నారు. చెయ్యి తిరిగిన మెకానిక్ మాత్రం ముందు కాయిల్‌ను తిప్పి చూస్తాడు, తర్వాత మీ ఇంట్లో ఏ నీళ్లని అడుగుతాడు. ఈ విద్యలో నాకు గొప్పగా కనిపించేది ఆ ప్రశ్నే.

కాయిల్ అని మనం పిలిచేది పైకి రాగి గొట్టమో స్టీలు గొట్టమో. వేడెక్కేది లోపలున్న స్ప్రింగులాంటి నైక్రోమ్ తీగ. ఆ తీగ గొట్టానికి తగలకుండా చుట్టూ మెగ్నీషియం ఆక్సైడ్ పొడిని గట్టిగా దట్టిస్తారు. ఈ పొడి వేడిని పోనిస్తుంది, కరెంటును ఆపుతుంది. దానికున్న దుర్గుణం ఒక్కటే, తేమను పీల్చుకోవడం.

మార్కాపురం వైపు వాడకం చాలావరకు బోరు నీళ్లే. వెలిగొండ ప్రాజెక్టు నుంచి కృష్ణా నీళ్ల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న నేల ఇది. తాగునీటి ప్రమాణాల ప్రకారం లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు కఠినత్వం మంచిది, వేరే దారి లేకపోతే 600 వరకు సరిపెట్టుకోవచ్చు. నీళ్లు కాగినప్పుడు ఆ కఠినత్వానికి కారణమైన కాల్షియం బైకార్బొనేటు కార్బొనేటుగా మారి గొట్టం మీద తెల్లటి పెచ్చుగా పేరుకుంటుంది. అది వేడిని నీళ్లలోకి సరిగా పోనివ్వదు. నీళ్లు ఆలస్యంగా కాగుతాయి, లోపలి తీగ మాత్రం ఉండాల్సినదానికంటే ఎక్కువ కాలుతుంది. చివరికి ఎక్కడో ఒకచోట తెగుతుంది, లేదా గొట్టమే చిట్లుతుంది. గీజర్ ఆన్ చేసినప్పుడు లోపల గరగరమని చప్పుడొస్తే పెచ్చు కట్టిందని దాదాపు ఖాయం చేసుకోవచ్చు.

ఇక పరీక్ష. కొట్లో బల్ల మీద ఒక చెక్క బోర్డు, దాని మీద ఒక హోల్డర్, అందులో పాత కాలపు 100 వాట్ల ఫిలమెంట్ బల్బు, బయటికి రెండు వైర్లు. దీన్నే సిరీస్ బోర్డు అంటారు. ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు గనుక మెకానిక్‌లు ఫిలమెంట్ బల్బులను ఇంకా దాచుకుంటున్నారు. రెండు వైర్లను కాయిల్ రెండు కొనలకు ఆనిస్తే బల్బు వెలగాలి. వెలగకపోతే తీగ తెగినట్టే. తర్వాత ఒక వైరును కొనకు, రెండోదాన్ని గొట్టానికి ఆనిస్తారు. ఇప్పుడు వెలగకూడదు. వెలిగితే తీగ బాడీకి తగిలింది, ఆ కాయిల్‌తో ఇక పని లేదు. షార్ట్ ఉన్నా ఫ్యూజు కొట్టేయదు, బల్బే కరెంటును అదుపులో పెడుతుంది. కానీ ఆ వైర్ల కొనల్లో ఇంటి కరెంటే ఉంటుంది గనుక ఇది చూసి ఇంట్లో చేసే పని కాదు.

ఈ బోర్డుకూ ఒక గుడ్డితనం ఉంది. 100 వాట్ల బల్బు పూర్తిగా వెలగాలంటే 430 మిల్లీ ఆంపియర్ల పైచిలుకు కావాలి. లీకేజీని పసిగట్టి కరెంటు ఆపేసేందుకు ఇంట్లో పెట్టుకునే ఆర్‌సీసీబీ 30 మిల్లీ ఆంపియర్ల దగ్గరే ట్రిప్ అవుతుంది. మనిషి ప్రాణం తీయడానికీ బల్బును వెలిగించేంత కరెంటు అక్కర్లేదు. అందుకే "బల్బు వెలగలేదు, కాయిల్ బాగుంది" అంటే నమ్మకండి. ఆ చిన్న లీకేజీని పట్టేది ఇన్సులేషన్‌ను కొలిచే 500 ఓల్టుల మెగ్గర్. ఎండాకాలమంతా వాడని కాయిల్ తొలిరోజే ట్రిప్ చేయడానికి తరచు కారణం పొడిలో చేరిన తేమ. దాన్ని పారేయనక్కర్లేదు. విప్పి కొన్ని గంటలు సన్నని సెగకు ఆరబెట్టి, మెగ్గర్‌తో మళ్లీ చూసి, కొనల దగ్గర సీలు వేస్తే ఎన్నో కాయిళ్లు తిరిగి పనికొస్తాయి.

మీటరు ఉన్నవాడికి లెక్క సులువు. 230 ఓల్టుల్లో 2,000 వాట్ల కాయిల్ 26 ఓముల చుట్టుపక్కల చూపాలి. అలా చూపించి కూడా నీళ్లు కాగడం లేదంటే ఓల్టేజీ చూడాలి. 180 ఓల్టులకు పడిపోతే ఆ కాయిల్ ఇచ్చేది 1,225 వాట్లే. 18 నిమిషాల్లో కాగే బకెట్‌కు అరగంట పడుతుంది. ఆ కాయిల్‌ను మార్చడం డబ్బు దండగ. టెర్మినల్ వదులై నల్లబడటం, థర్మోస్టాట్ చెడటం కూడా కాయిల్ ఖాతాలోకే పోతుంటాయి.

పెచ్చును స్క్రూడ్రైవరుతో కొట్టి రాల్చడం మన దగ్గర ఉన్న చెడ్డ అలవాటు. గొట్టానికి సన్నని చీలిక పడితే చాలు, లోపలి పొడిలోకి తేమ చేరుతుంది. బాత్రూం యాసిడ్ పెచ్చుతో పాటు లోహాన్నీ తింటుంది. గోరువెచ్చని నీళ్లలో కాస్త నిమ్మ ఉప్పు కలిపి విప్పిన కాయిల్‌ను నానబెడితే బుసబుసమని నురగ వచ్చి పెచ్చు దానంతటదే మెత్తబడుతుంది. కొత్తది కొనేటప్పుడు అదే వాట్లకు పొడవైన గొట్టమున్నది ఎంచుకోండి. వేడి ఎక్కువ జాగాలో పంచుకుంటే పైభాగం అంత కాలదు, పెచ్చూ తగ్గుతుంది. బయటి దేశాల్లో ఇంట్లోనే బీరు కాచుకునేవాళ్లు, గింజల రసం అడుగంటకుండా ఇలా మడతలు పెట్టిన పొడవాటి కాయిళ్లే వాడతారు.

ఎర్త్ సంగతి మాత్రం కాయిల్ కంటే ముందు చూడాల్సింది. మార్కాపురం పలకరాయి నేల, ఎండాకాలం తేమ ఉండదు. బొగ్గు, ఉప్పు వేసి పాతిన ఎర్త్ గుంత కూడా ఎండిపోతే పేరుకే ఎర్త్. వారానికోసారి రెండు బిందెల నీళ్లు పోయండి. రాడ్ హీటర్ స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకకుండా బకెట్‌లో వేలు పెట్టకండి. ఈసారి గీజర్ బాగుచేయిస్తే పాత కాయిల్‌ను అడిగి తీసుకోండి, ఎక్కడ పోయిందో చూపించమనండి. చూపించగలిగినవాడి దగ్గరికే మళ్లీ వెళ్లండి.