ఎర్ర నేల మీద ఎవరి కథ వారిదే

కథలు చెప్పే కూనపులివారు పద్మశాలీల వాడలో బొమ్మల పటం విప్పి మార్కండేయ పురాణం ఎత్తుకున్నారంటే, కథ ఎన్ని లోకాలు తిరిగినా నూలు దగ్గరికి రావలసిందే. విష్ణుమూర్తి నాభికమలం తూడు నుంచి దారం తీసి పద్మశాలీల మూలపురుషుడు భావనారుషి దేవతలకు బట్ట నేశాడంటారు. వింటున్నవాళ్లు పొద్దస్తమానం పడుగూ పేకా మధ్య బతికేవాళ్లు. బొమ్మలో మగ్గం తేడాగా ఉంటే ముందు పట్టేసేది వాళ్లే! అందుకే ఈ పటం గీసే చేర్యాల ఊరి నకాషీ చిత్రకారుడు దేవుడి కిరీటంలో ఎంత స్వేచ్ఛ తీసుకున్నా పనిముట్టు దగ్గర మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకుంటాడు.

తెలంగాణలో పటం కథ అందరికీ ఒకటే కాదు. కాకిపడగలవాళ్లు ముదిరాజులకు పాండవుల కథ చెబుతారు. గౌడజెట్టివాళ్లది గౌడ పురాణం, డక్కలివాళ్లు మాదిగలకు చెప్పేది జాంబ పురాణం. గొల్లలకు కాటమరాజు కథ చెప్పే మందెచ్చులవాళ్లు పటానికి బదులు బొమ్మలు నిలబెట్టి చెబుతారు. ఏ ఊళ్లో ఎవరు చెప్పాలో వంశపారంపర్యంగా వచ్చే మిరాశీ హక్కు తేలుస్తుంది. మన పుట్టుక, మన పని, మన గౌరవం ఎక్కడివో ఒక్కో కులానికీ చెప్పే కథ ఇది. పెద్ద పురాణాల్లో చోటు దొరకని కులాలు తమ చోటును ఈ గుడ్డ మీద గీయించుకున్నాయి.

ఆ గుడ్డ తయారీయే ఒక పెద్ద పని. ఖద్దరుకు గంజి పట్టించి, సుద్దమట్టి, చింతగింజల గుజ్జు, తిరుమణి జిగురు కలిపి పూతమీద పూత వేసి ఆరబెడతారు. చుట్టినా విప్పినా రంగు పెచ్చులూడకూడదు మరి. పటం వెడల్పు సుమారు 3 అడుగులు, పొడవు 40 అడుగులు దాటినవీ ఉన్నాయి. గీత నేరుగా కుంచెతోనే. వెనక నేలంతా ఎరుపు. దాని మీద దేవుళ్లకు నీలం, దేవతలకు పసుపు, రాక్షసులకు ముదురు గోధుమ రంగు. ఒక్కో ఘట్టానికీ ఒక్కో అడ్డపట్టీ, మధ్యలో పూల అంచు.

ఎరుపు అందం కోసమే అనుకుంటే పొరపాటు. పటం చూసేది రాత్రిపూట, దీపం వెలుగులో, వెనక వరసలో కూర్చున్న ముసలమ్మ కూడా. కథకుడు కర్రతో చూపించగానే ఆ ఎరుపు మీద ఎవరు ఎవరో ఆమెకు తెలియాలి. కాబట్టి చిత్రకారుడు కొండలూ మబ్బులూ దండిగా గీసి చోటు పాడుచేయడు. చెట్టు కావాలంటే ఒక్క చెట్టు, ఇల్లు కావాలంటే ఒక్క గుమ్మం. మిగిలిన ఓపికంతా చీరకట్టు మీద, తలపాగా మీద, చేతిలోని వస్తువు మీద పెడతాడు. దేవలోకపు స్త్రీలు సైతం తెలంగాణ పల్లె చీరకట్టుతోనే కనిపిస్తారు. ఏది గీయాలో తెలిసిన చెయ్యి, ఏది వదిలేయాలో అంతకన్నా బాగా తెలిసిన చెయ్యి అది.

సినిమా, టీవీ వచ్చాక కథ చెప్పించుకునేవాళ్లు తగ్గారు. చేర్యాలలో మిగిలిన కొద్ది కుటుంబాలు ఇప్పుడు గోడకు తగిలించే చిన్న పటాలు, రంపపు పొట్టూ చింతగింజల ముద్దా కలిపి చేసే ముఖాల బొమ్మలు అమ్ముకుని బతుకుతున్నాయి. భౌగోళిక గుర్తింపు దక్కింది, మంచిదే. కానీ డ్రాయింగు రూముల కోసం తయారయ్యే పటాల్లో బిందె మోసే ఆడమనిషి, తాడిచెట్టెక్కే మగమనిషి పదే పదే వస్తున్నారు. ఆమె ఏ కథలోది, అతను ఎవరి మూలపురుషుడు అన్నది మాయమైంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి, ఏ ఊరివీ కావు. ఈ తప్పు చిత్రకారులది అనడం అన్యాయం. అడిగేవాళ్లు అడిగిందే వాళ్లు గీస్తారు.

ఇకమీదట చేర్యాల పటం కొనేవారు ధర అడిగేముందు, ఇది ఏ కథలో ఏ ఘట్టం అని అడగండి. అది చెప్పగలిగిన చిత్రకారుడి దగ్గర, పది రూపాయలు ఎక్కువైనా సరే, ఒక పూర్తి కథ గీయించుకోండి.