అపరిచితుడు చూపినదేమి? మూర్తిమత్వ రుగ్మత ఏమి?

శంకర్ దర్శకత్వమున తయారైన తమిళ చిత్రమునకు తెలుగు రూపమైన "అపరిచితుడు" 2005లో విడుదలై విశేషాదరణ పొందినది. అందులో రామానుజము అను న్యాయవాది తనకు తెలియకుండగనే ఒకప్పుడు రెమో అను షోకిలా యువకుడుగను, మరొకప్పుడు అపరిచితుడు అను హంతకుడుగను మారుచుండును. ఇది దయ్యము పట్టుట కాదు, మానసిక వ్యాధి అని వైద్యునిచేత చెప్పించుట ఆ చిత్రము చేసిన మేలు. కాని వాడుకలోనున్న "స్ప్లిట్ పర్సనాలిటీ" అను మాటకు అది మరింత బలమిచ్చినది. ఆ ఒక్క మాటతో మూడు వేర్వేరు వ్యాధులను ఒకే గాటన కట్టుచున్నారు. పేరు తప్పినచో చికిత్సయు దారి తప్పును.

మొదటిది, చిత్రములోని వైద్యుడు చెప్పిన బహుళ మూర్తిమత్వము. అమెరికా మనోవైద్య సంఘము 1994లో దీని పేరును "డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్" అని మార్చినది. "నేను" అను స్పృహ ముక్కలగుట, జ్ఞాపకములో ఖాళీలు ఏర్పడుట దీని ముఖ్య లక్షణములు. చిత్రములో చెల్లెలి మరణమను ఒక్క దుర్ఘటనయే దీనికి కారణముగా చూపబడినది. రోగుల జీవితములలో తరచుగా కనబడునది బాల్యమున పదేపదే అనుభవించిన తీవ్రమైన హింస. కథకు ఒక్క ఘటన చాలును గాని, ఈ వ్యాధిని వివరించుటకు చాలదు.

రెండవది స్కిజోఫ్రీనియా. స్విట్జర్లండు వైద్యుడు యూజెన్ బ్లాయిలర్ 1908లో ఈ పేరు పెట్టెను. గ్రీకు మూలమునుబట్టి దానికి "చీలిన మనస్సు" అని అర్థము. ఆలోచనకు, భావమునకు నడుమ పొందిక తెగుటయే ఆయన ఉద్దేశము. అంతేగాని ఒకరిలో ఇద్దరు మనుష్యులుండుట కాదు. లేని మాటలు వినబడుట, నిరాధారమైన నమ్మకములు పాతుకొనుట దీని లక్షణములు. వీనిని అదుపుచేయు మందులు కలవు.

మూడవది మూర్తిమత్వ రుగ్మత. 2022 నుండి అమలులోనున్న ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ దీనికి స్పష్టమైన గీత గీసినది. తన్ను తాను అర్థము చేసికొనుటలోను, ఇతరులతో సంబంధము నిలుపుకొనుటలోను కలుగు చిక్కు రెండేండ్లు గాని, అంతకు మించి గాని సాగి, గణనీయమైన బాధకో, జీవితమునకు ఆటంకమునకో కారణము కావలెను. తీవ్రతనుబట్టి దానిని స్వల్పము, మధ్యమము, తీవ్రము అని విభజింతురు. ఇందులో మనిషి మరొకడుగా మారడు. పరిస్థితి మారినను తాను మారలేకపోవుటయే ఇక్కడి చిక్కు.

ఈ దృష్టితో చూచినచో, చిత్రములో మూర్తిమత్వ ప్రశ్నకు దగ్గరగానున్నది రెమోయు కాదు, అపరిచితుడును కాదు, రామానుజమే. నియమము తప్పిన ప్రతివానితోను తగవుపడి, నవ్వులపాలై, ఒంటరియైనను అతడు పట్టు విడువడు. నియమపాలన రోగము కాదు. చిత్రములోని సన్నివేశములతోనే అతనికి రోగము నిర్ణయించుటయు తగదు. కాని సడలింపు ఎరుగని పట్టుదల తనకు, తనవారికి నిత్యబాధగా మారినప్పుడు వైద్యులు పరిశీలింపవలసిన లక్షణమగును. చేతులు మరల మరల కడుగుకొను ఓ.సి.డి. రోగి సాధారణముగా తన తలంపులు తనకే అక్కరలేనివని బాధపడును. నియమముల మనిషి తన పద్ధతియే సరియని నమ్మును. చిత్రము ఈ భాగమును హాస్యమునకు వదలివేసినది.

ఇట్టి భేదము తెలియని చోట ఎక్కువ నష్టపోవువారు "బార్డర్‌లైన్" తరహా రుగ్మత గలవారు. వీరి మనఃస్థితి సాధారణముగా గంటలలో, తరచుగా ఆత్మీయుల ఎడబాటు భయముతో మారును. బైపోలార్ వ్యాధిలో ఉద్రేకదశ సాధారణముగా వారము, అంతకు మించి సాగును. దానికి లిథియము వంటి మందులు ముఖ్యము. బార్డర్‌లైనుకు ముఖ్యమైనది మాటల ద్వారా చేయు మానసిక చికిత్స. మార్షా లినెహాన్ రూపొందించిన పద్ధతివలన ఆత్మహాని చర్యలు తగ్గినట్లు 1991లో ప్రకటింపబడినది. మేరీ జనరీని బృందము 290 మంది రోగులను పదేండ్లు గమనించి, 93 శాతము మందిలో రోగలక్షణములు కనీసము రెండేండ్లపాటు ఉపశమించినవని 2010లో తెల్పెను. ఉద్యోగము, సంబంధములు కూడ చక్కబడి పూర్తిగా కోలుకొన్నవారు మాత్రము సగము మందియే. కనుక నయము కాదనుట తప్పు, సులభమనుటయు తప్పు.

చిత్రము ముగింపులో, చికిత్స పొంది వచ్చిన నాయకుడు రహస్యముగా మరల హత్య చేయును. ప్రేక్షకులు చప్పట్లు కొట్టు ఆ ఘట్టమే చిత్రములో అన్నిటికన్న హానికరమైనది. మానసిక రోగి మారడు, నటించునంతే అను అపోహను అది బలపరచును. నిజమునకు మానసిక వ్యాధిగ్రస్తులలో అత్యధికులు ఎవరికిని హాని చేయరు. బార్డర్‌లైన్ రుగ్మత గలవారు ఇతరులకన్న తమకు తాము హాని చేసికొను ప్రమాదమే ఎక్కువ. వైద్యుని మాటతో దయ్యమును వెళ్లగొట్టిన చిత్రము, చివరి ఘట్టములో రోగినే దయ్యముగా నిలబెట్టినది.