శారదకి పేరు దొరికింది, ఇంటిపేరో?

పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథని మేము చాలా ఏళ్లుగా క్లాసుల్లో చదివిస్తున్నాం. ఇల్లలుకుతూ పేరు మర్చిపోయిన గృహిణిని స్నేహితురాలు 'శారదా' అని పిలుస్తుంది, పేరు దొరుకుతుంది. మంచి కథే. అయితే అందులో ఇంటిపేరు ప్రశ్న లేదు.

అచ్యుతాపురం సెజ్‌లో కుట్టుమిషను ముందు కూర్చునే మాల, మాదిగ ఆడపిల్లని తలుచుకుందాం. కులపత్రంలో తండ్రి ఇంటిపేరు. ఆధార్‌లో, పీఎఫ్‌లో మొగుడిది. విడాకులయ్యాక మార్చుకుంటానంటే, 'ఎలాగూ మళ్లా పెళ్లాడతావు కదా, అప్పుడు చూద్దువులే' అంటారు ఇంట్లోవాళ్లు. అంటే రెండోవాడు వచ్చేదాకా మొదటివాడి పేరే మొయ్యాలన్నమాట! ఏ చట్టమూ అలా చెప్పలేదు. పెళ్లితో కులం మారదని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా కేంద్ర పట్టణ వ్యవహారాల శాఖ, గెజిట్‌లో పుట్టింటి పేరుకి మారాలంటే విడాకుల డిక్రీ గానీ భర్త నిరభ్యంతర పత్రం గానీ తెమ్మంది.

తండ్రి పేరూ మగవాడిదే కదా అంటారు స్త్రీవాద మిత్రులు. నిజమే, కాదనం. కానీ మన ఊళ్లలో ఇంటిపేరు అడిగితే కులం అడిగినట్టే. ఆ పేరుకి తిరిగొస్తే ఆమె వాడకి తిరిగొస్తుంది, తన కులపత్రానికీ తిరిగొస్తుంది. కులాంతర పెళ్లి చెడినామెకి మరీను. రెండు పెళ్లిళ్ల మధ్య ఆ నెలల్లో ఆమె ఏ పేరుమీద జీతం అందుకుంటుందో, ఆ కథ మాకు కావాలి.