గంజీఫాయందలి జాతివృత్తివిభాగము

ఆటకై పాత్రలను గల్పించువారు వానిని జాతులుగను వృత్తులుగను విభజించుట ప్రాచీనపద్ధతి. ఆ విభాగము కాలాంతరమున రుచింపనపుడు దానిని దిద్ది క్రొత్తకూర్పు వెలయించుటయు అంత ప్రాచీనమే. 2024వ సంవత్సరమున అమెరికాలో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అను పాత్రధారణక్రీడకు క్రొత్తకూర్పు వెలువడగా అందలి జాతుల సంస్కరణమును గూర్చి విశేషముగ వాదములు చెలరేగినవి. ఈ వాదము నూతనమని తలచుట పొరపాటు. పూర్వము ఆదిలాబాదు జిల్లాలో నుండి, 2016 నుండి వేఱుజిల్లాకు ముఖ్యపట్టణమైన నిర్మలలో నకాషీ పనివారు వ్రాయుచు వచ్చిన గంజీఫా చీట్లు ఈ ప్రశ్ననే ఎంతయో ముందుగ విమర్శకుల యెదుట నుంచియున్నవి.

గంజీఫా మనదేశమున గుండ్రని చీట్లతో నాడు ఆట. బాబరు 1527లో సింధుదేశమునకు ఇట్టి చీట్లను పంపినట్లు తన స్వీయచరిత్రమున వ్రాసికొనెను. నేటి పేకలో వలెనే ఇందును రంగులు కలవు. ఒక్కొక రంగునకు పండ్రెండు చీట్లు: రాజు, మంత్రి, ఒకటి మొదలు పదివఱకు అంకెచీట్లు. ఎనిమిది రంగుల కట్టకు 96 చీట్లు, పది రంగుల దశావతారపు కట్టకు 120 చీట్లు. ఆడువారు సామాన్యముగ ముగ్గురు. సగము రంగులయందు పది పెద్దది, ఒకటి చిన్నది. తక్కిన సగమున ఈ వరుస తలక్రిందగును. ఇక ముఖ్యమైన నియమ మొకటి కలదు. ఈ యాటలో తురుపు లేదు. ఒక రంగు చీటి మఱియొక రంగు చీటిని గొట్టజాలదు. హెచ్చుతగ్గు లన్నియు ఒకే రంగులోపలనే. ఈ నియమమును మఱవక చూచినగాని ఆయా సంస్కరణముల గుణదోషములు తెలియరావు.

అబుల్ ఫజలు 16వ శతాబ్ది చివర రచించిన ‘ఐనె అక్బరీ’యందు పండ్రెండు రంగుల కట్ట యొకటి వర్ణింపబడినది. అందలి రాజులు క్రమముగ అశ్వపతి, గజపతి, నరపతి, గఢపతి, ధనపతి, దళపతి, నావాపతి, స్త్రీపతి, సురపతి, అసురపతి, వనపతి, అహిపతి. మనుష్యులు, దేవతలు, అసురులు, మృగములు, సర్పములు ఒకే కట్టలో ఒదిగియున్నారు. వనపతి పెద్దపులి, అతని మంత్రి చిఱుతపులి. అసురపతి స్థానమున దావీదు కుమారుడగు సులేమాను సింహాసనస్థుడై యున్నాడు.

తెలుగువారికి ఇందలి మొదటి మూడు పేరులు చిరపరిచితములు. ‘రాయవాచకము’ అశ్వపతి, గజపతి, నరపతి అను మూడు సింహాసనములను జెప్పుచు నరపతిస్థానమును విజయనగర ప్రభువున కిచ్చినది. ఐనె అక్బరీ అశ్వపతికి ఢిల్లీ ప్రభువును, గజపతికి ఓఢ్రరాజును ఉపమానముగ జెప్పి, నరపతిస్థానమున విజాపుర ప్రభువుల నుంచినది. 1565 నాటి యుద్ధమున విజయనగరము పతనమైన పిమ్మట ఆ పీఠము ఆటలో వేఱొకరికి దక్కెను. పేరు నిలిచినది, పాత్ర మాఱినది. ఆటలోని పాత్రలు శాశ్వతజాతులు గావనియు, అవి ఆయా కాలముల రాజ్యస్థితిని బట్టి తీర్చినవే యనియు ఇందువలన స్పష్టమగుచున్నది.

ఈ పండ్రెండింట మొదటి యాఱు బలవత్తరములనియు, తుది యాఱు దుర్బలములనియు ఆ గ్రంథము జెప్పుచున్నది. సురపతియగు ఇంద్రుడు దుర్బలవర్గమున జేరుటయు, కోటకును ధనమునకును అధిపతులు బలవంతు లగుటయు గమనింపదగినవి. అయినను ఈ బలాబలములు పేరునకే. తురుపు లేనందున గుఱ్ఱము పామును గెలువదు, పాము దేవతను గెలువదు. అహిపతి తన రంగులో ఎంతటివాడో అశ్వపతియు తన రంగులో అంతటివాడే.

అక్బరు ఈ చీట్లను సంస్కరించెను. ధనపతి రంగున పూర్వము వెండిబంగారములు నిండిన కుండలు ఒకటి మొదలు పదివఱకు వ్రాయబడెడివి. అక్బరు వానికి మాఱుగ భాండాగారమున పనిచేయు పదితెగలవారిని వ్రాయించెను. రత్నకారుడు, లోహము కరగించువాడు, తూనికవాడు, నాణెములు ముద్రించువాడు, లెక్కించువాడు, లేఖకుడు మున్నగువారు అందు గలరు. వీణారంగున గాయకవాదకులు, ఖడ్గరంగున ఆయుధకారులు వచ్చిరి. ధనమును జూపుటకు మాఱు ధనము వెనుకనున్న శ్రమను జూపుట ఈ కూర్పునకు గొప్ప గుణము. పనివానికి రాజుతోపాటు అదే పరిమాణముగల చీటిపై చోటు దొరకుట అల్పవిషయము గాదు.

కాని దోషమును ఇక్కడనే పొడసూపినది. పది కుండలు ఒక కుండకంటె ఎక్కువ యనుటకు హేతువు చెప్పనక్కఱలేదు. తూనికవానికంటె రత్నకారు డెక్కువ యనుటకు హేతువేమి? అంకె వస్తువులపై నున్నంతకాలము అది లెక్క. వృత్తులపై బడినతోడనే అది తారతమ్యమైనది. గౌరవింపదలచినవారినే వరుసలో నిలిపి పెద్దచిన్నలు చేసినట్లయినది. ఆడువానికిని ఇందు చిక్కు కలదు: చీటి చేతబట్టి నంతనే అది ఎన్నవదో కానరాదు. పిమ్మటి ఎనిమిదిరంగుల కట్టలయందు చిత్రకారులు కిరీటములను, ఖడ్గములను, నాణెములను లెక్కగా వ్రాయు పాతపద్ధతినే నిలిపిరి. చక్రవర్తి కూర్పును పనివారి కుంచె సవరించిన దనవచ్చును. బానిసలరంగు ఆ కట్టలో బలవత్తరములగు నాలుగింట జేరియుండుట మఱియొక విశేషము.

దశావతారపు కట్ట వేఱుమార్గమున నడచినది. ఇందు పది రంగులకును రాజు ఒక్కడే, పది రూపముల విష్ణువు. మత్స్య, కూర్మ, వరాహ, నారసింహ, వామనములు దేహభేదముచే వేఱగుచున్నవి. తరువాతి యైదు చాలవఱకు నడవడిచే వేఱగుచున్నవి. పరశువు దాల్చినవాడు, ధనుర్ధారి, గోపాలకుడు, ఉపదేష్ట, అశ్వారూఢుడు అని వానిని జెప్పవచ్చును. అనగా జాతులైదు, వృత్తులైదు. అంకెల వరుస తలక్రిందగుటయు సామాన్యముగ ఈ సంధియొద్దనే. పగలాడినచో రామునిరంగు, రాత్రి యాడినచో కృష్ణునిరంగు ఆట నారంభించును. కావున అగ్రస్థానము రూపమున గాక కాలమున నున్నది. పదిరూపముల వెనుక ఒకే తత్త్వముండుటచే ఏ రంగును స్వభావముచే నీచము గాదు. మూడుకూర్పులలో ఇదియే భావమునకును నియమమునకును పొత్తు గుదిర్చినది.

ఈ యెఱుకతో అమెరికా క్రీడను పరిశీలింపవచ్చును. 1974లో వెలువడిన ఆ యాటలో ఒక్కొకడు ఒక పాత్రను ధరించి, పాచికలు వేయుచు కథ నడపును. 1981 నాటి ప్రాథమికకూర్పున ఎల్ఫు, మరుగుజ్జు అనునవియే జాతులు, అవియే వృత్తులు. 2014 కూర్పున జాతి వేఱు, వృత్తి వేఱు అయినను, ఎల్ఫుగా బుట్టినవానికి చుఱుకుదనమున రెండంకెలు పుట్టుకచేతనే కలిసెడివి. 2024 కూర్పు జాతి యను పేరునే విడిచి పది జీవకోటులను, పండ్రెండు వృత్తులను ఏర్పఱచి, ఆ యంకెలను పుట్టుకనుండి తప్పించి పూర్వజీవనమునకు జేర్చినది. ఇది మెచ్చదగిన మార్పు. అయితే అందు కృషీవలుని పూర్వజీవనమునకు బలము, దేహదార్ఢ్యము, వివేకము అను మూడింటనే వృద్ధి. బుద్ధి పండితునకును శిల్పికిని చెప్పబడినది గాని సేద్యగానికి లేదు. అక్బరు కూర్పునకు బట్టిన దోషమే దీనికిని బట్టినది. పుట్టుకనుండి దించిన తారతమ్యమును పనిపై నెక్కించినంత మాత్రమున సంస్కరణము సంపూర్ణము గాదు.

నిర్మల బొమ్మలకు 2009లో భౌగోళికసూచిక లభించినది. పొనికికఱ్ఱ బొమ్మలకును చిత్తరువులకును గల ప్రసిద్ధి నేడు గంజీఫాకు లేదు. దానిని పునరుద్ధరింపగోరువారు చీట్లను గోడకు దగిలించు అలంకారములుగ జేసినచో చిత్రము మిగులును, ఆట నశించును. ఆటతోపాటు ఏ రంగును మఱియొక దానిని గొట్టరాదను నియమమును నశించును. క్రొత్తరంగులను గల్పించుటలో దోషము లేదు. గోదావరి పడవలు, సేద్యగాని నాగళ్లు, సాలెవాని కండెలు చీట్ల కెక్కవచ్చును. పది నాగళ్లు ఒక నాగలికంటె ఎక్కువ కావచ్చును. నాగలి కండెకంటె ఎక్కువ గారాదు. పాఠశాలలలో ఈ కట్టను జూపించు పండితులు ముందుగ ఆట నాడించి, పిమ్మట బొమ్మలను వివరించినచో ఈ భేదము బాలురకు చేతికందిన చీటివలె తెలియగలదు.