స్థిరవిద్యుత్తు సాధన ప్రశ్నలలో ‘శూన్యం’: ఒక పరిభాషా విమర్శ

వైద్యవిద్య ప్రవేశపరీక్ష ‘నీట్’ 2017 నుండి తెలుగులోనూ జరుగుతున్నది. పెందుర్తిలో విద్యార్థుల వద్ద చూసిన తెలుగు సాధన పత్రాలలోని స్థిరవిద్యుత్తు విభాగంలో, లెక్క తప్పులకంటె మాట తెచ్చిన తప్పులే ఎక్కువ విచారణీయంగా తోచాయి.

‘శూన్యం’ అన్న పదాన్నే చూద్దాం. సున్న విలువకూ, పదార్థం లేని ప్రదేశానికీ మన భౌతికశాస్త్ర పరిభాషలో ఇదే మాట. ‘శూన్యంలో క్షేత్రం శూన్యం కానక్కరలేదు’ అన్నది నిర్దుష్టమైన వాక్యమే. కాని తొలిసారి చదివే విద్యార్థికి అది పొడుపుకథ. ఒక పత్రంలోని వివరణ ఈ అయోమయానికి పరాకాష్ఠ: బోలు వాహకగోళం లోపల శూన్యం కనుక పొటెన్షియల్ కూడా శూన్యమట! లోపల క్షేత్రం సున్న కావడానికి కారణం గాలి లేకపోవడం కాదు, ఆవేశమంతా బయటి ఉపరితలంపై సర్దుకోవడం. అప్పుడు లోపలి పొటెన్షియల్ మారదు; సున్న కాదు. 10 సెంటీమీటర్ల వ్యాసార్థం గల ఒంటరి గోళానికి 1 నానోకూలూంబ్ ఆవేశమిస్తే, అనంత దూరంతో పోల్చినప్పుడు, లోపల అంతటా సుమారు 90 వోల్టులుంటుంది. ద్విధ్రువం మధ్యబిందువు వద్ద దీనికి విపర్యయం: పొటెన్షియల్ సున్న, క్షేత్రం కాదు.

అనువాదంలో సందిగ్ధత ఏర్పడితే ఆంగ్లపాఠమే ప్రమాణమని పరీక్షా నిబంధన. అసలు ప్రశ్నపత్రంలో ఆంగ్లపాఠం పక్కనే ఉంటుంది. ఈ సాధన పత్రాలలో లేదు. ఇక్కడ తెలుగు వాక్యమే సర్వస్వం. విలువకు ‘సున్న’ను, ప్రదేశానికి ‘శూన్యా’న్ని కేటాయిస్తే చిక్కు చాలావరకు విడిపోతుంది. పలకమీద దిద్దిన మాట కావడం వల్లనే కాబోలు, ‘సున్న’కు పరిభాషలో పీట దక్కలేదు.