రంగుల వెనక పనితనం

కోడ్‌లో కీవర్డ్ ఒక రంగులో, కామెంట్ ఇంకో రంగులో ఉంటే చదివే కంటికి ఎంత హాయి! ఆ హాయి వెనక, ఒక్కో ప్రోగ్రామింగ్ భాషకూ నియమాలు రాసిపెట్టినవాళ్ల ఓపిక ఉంది.

పిగ్మెంట్స్ సంగతే చూడండి. 2006లో వెలువడిన, కోడ్‌కు రంగులద్దే ఈ పైథాన్ ఉపకరణంలో, అది గుర్తించే ప్రతి భాషకూ కోడ్‌ను ముక్కలుగా విడదీసే ఒక లెక్సర్ ఉంటుంది. అందులో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు వరసగా ఉంటాయి, ముందు కుదిరినదే చెల్లుతుంది. ‘int’ అనే కీవర్డ్‌కు పదం హద్దు పెట్టడం మరిచి, ఆ నియమాన్ని ముందు ఉంచితే ‘interest’ అనే వేరియబుల్‌లో మొదటి మూడక్షరాలకే కీవర్డ్ రంగు పడుతుంది.

అసలు నేర్పు కామెంట్ల దగ్గర తెలుస్తుంది. సి భాషలో కామెంట్‌లో కామెంట్ ఇమడదు. మొదటి ముగింపు గుర్తుతోనే అది ఆగిపోతుంది. రస్ట్‌లో మాత్రం పొరలు పొరలుగా పెట్టొచ్చు. అందుకే రస్ట్ లెక్సర్ కామెంట్ తెరుచుకున్న ప్రతిసారీ స్టాక్ మీదికి ఒక స్థితిని చేర్చి, మూసుకున్నప్పుడు ఒకటి తీసేస్తుంది. ఒక్కటి తీయడం మరిస్తే ఫైలు చివరిదాకా కామెంట్ రంగే.

ఏ నియమానికీ చిక్కని అక్షరాన్ని పిగ్మెంట్స్ దాచిపెట్టదు, ఎర్రర్‌గా గుర్తిస్తుంది. మెచ్చుకోవలసిన నిజాయితీ ఇది.

వికీపీడియాలోని కోడ్‌కు 2015 నుంచి రంగులద్దుతున్నదీ పిగ్మెంట్సే. దాని మూలకోడ్ అందరికీ అందుబాటులో ఉంది. మీకిష్టమైన భాషకు లెక్సర్ లేకపోతే మీరే ఒకటి రాసి పంపండి.